పొద్దుగాల సెల్ఫ్ అందుకోవాలంటే: ఓరుగల్లు చలిలో బండిని చూసుకునే తీరు

కాజీపేటలో ఆరింటి రైలు అందుకోవాలని ఐదుంబావుకే మఫ్లర్ చుట్టుకొని బండెక్కాను. సెల్ఫ్ నొక్కితే కట్ కట్ కట్ అని చప్పుడు. మళ్లీ నొక్కితే ఆ చప్పుడు కూడా లేదు. మీటర్ మీది అంకెలు ఒకసారి వణికి ఆరిపోయాయి. కిక్ కొడదామంటే ఆ బండికి కిక్కే లేదు. పాల ప్యాకెట్లు పట్టుకొని వస్తున్న పక్కింటాయన "ఏంది సార్, చలికి బండి గూడ లేస్తలేదా" అని నవ్వాడు. ఆ పూట రైలు పోయింది. అప్పటినుంచి దసరా సందడి తగ్గగానే ఒక ఆదివారం బండికి కేటాయిస్తున్నాను. ఆ ఆదివారం ఏమేం చేస్తానో, తర్వాత శివరాత్రి దాకా ఏమేం గమనిస్తానో ఇక్కడ రాస్తున్నా.

చలికాలంలో బండి జాగ్రత్తలని నెట్‌లో వెతికితే దొరికేవన్నీ మంచు గడ్డలు పడే దేశాల వాళ్లు చెప్పినవే. రోడ్ల మీద చల్లే ఉప్పు, గడ్డకట్టే కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం), ఆరు నెలలు షెడ్డులో పెట్టే బండి. వాటిలో సగం మనకు అక్కర్లేదు. హన్మకొండ, వరంగల్‌లో డిసెంబర్, జనవరి రాత్రులు మామూలుగా 12 నుంచి 15 డిగ్రీల దగ్గర ఆడుతుంటాయి. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు పదికి లోపలికి, గట్టి చలి ఏడాదైతే ఇంకా కిందికి దిగుతాయి. మధ్యాహ్నానికి మళ్లీ చొక్కా తడిసే ఎండ. ఈ చలికి ఇంజన్‌లో ఏదీ గడ్డకట్టదు. మన దగ్గర జరిగేది వేరు. చలి బ్యాటరీని నీరసపెడుతుంది, రాత్రంతా కురిసిన మంచు బండిని తడుపుతుంది, వరికోతల దుబ్బ వచ్చి ఆ తడి మీద కూర్చుంటుంది. చూసుకోవాల్సింది ఈ మూడింటినే.

ముందు బ్యాటరీ

చలికాలంలో బండి మొరాయించిందంటే ముందు అనుమానించాల్సింది బ్యాటరీని. బ్యాటరీ లోపల కరెంట్ పుట్టించే రసాయన చర్య చలికి మందగిస్తుంది. అదే సమయంలో ఇంజన్ ఆయిల్ కాస్త చిక్కబడి, సెల్ఫ్ మోటార్ ఇంకొంచెం బలం అడుగుతుంది. ఇచ్చే చెయ్యి సన్నబడిన రోజే అడిగే చెయ్యి పెద్దదవుతుందన్నమాట. కొత్త బ్యాటరీ ఈ దెబ్బ తట్టుకుంటుంది. మూడు నాలుగేళ్లు వాడిన బ్యాటరీ తట్టుకోలేదు. మా వీధి చివరి మెకానిక్ అన్న మాటల్లో చెప్పాలంటే, "బ్యాటరీకి చలి పెట్టదు సార్, దాని ముసలితనం బయటపడ్తది, గంతే."

కాబట్టి మొదట వయసు చూడండి. బ్యాటరీ మీద తయారైన నెల, ఏడాది ఏదో ఒక రూపంలో కొట్టి ఉంటుంది, అమ్మిన కార్డు ఉంటే ఇంకా తేలిక. మూడేళ్లు దాటితే ఈ చలికాలం దాని మీద ఓ కన్నేసి ఉంచాలి.

తర్వాత వోల్టేజీ. ఎలక్ట్రికల్ షాపులో దొరికే మామూలు డిజిటల్ మల్టీమీటర్ చాలు. ఇంట్లో ఉంటే బండికే కాదు, మోటారు స్విచ్చుకూ ఇన్వర్టర్‌కూ పనికొస్తుంది. పొద్దున్నే, తాళం తిప్పకముందే చూడాలి, ఎందుకంటే బండి నడిపి ఆపిన వెంటనే చూస్తే బ్యాటరీ లేని బలం చూపిస్తుంది. మీటర్‌ను 20 వోల్టుల డీసీ దగ్గరికి తిప్పి, ఎర్ర తీగ ప్లస్‌కు, నల్ల తీగ మైనస్‌కు ఆనించండి. 12.6 లేదా ఆపైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పాతిక. 12.2 అంటే సగానికి వచ్చింది, ఛార్జింగ్ పెట్టాలి. 12 కంటే తక్కువ ఉంటే ఆ బ్యాటరీని చలిలో నమ్ముకోవద్దు.

అక్కడితో ఆగొద్దు. మీటర్ తీగలు అలాగే పట్టుకొని ఇంకొకరిని సెల్ఫ్ నొక్కమనండి. నొక్కినప్పుడు అంకె పడిపోవడం మామూలే, కానీ తొమ్మిదిన్నర కంటే కిందికి పోతే ఊరికే ఉన్నప్పుడు 12.6 చూపించినా లాభం లేదు, లోపల సత్తా అయిపోయింది. ఇంజన్ స్టార్ట్ అయ్యాక కాస్త రేస్ ఇచ్చి పట్టుకుంటే 13.5 నుంచి 14.5 మధ్య రావాలి. 13 కూడా రాకపోతే తప్పు బ్యాటరీది కాదు, కరెంట్ పుట్టించే ఛార్జింగ్ కాయిల్‌దో, దాన్ని అదుపులో ఉంచే రెగ్యులేటర్‌దో. 15 దాటిందా, రెగ్యులేటర్ పోయి బ్యాటరీని ఉడకబెడుతోందని అర్థం. ఈ ఒక్క పరీక్ష చేయకపోవడం వల్లే చాలామంది ఏడాదికో కొత్త బ్యాటరీ కొంటుంటారు.

నా రైలు పోయిన రోజు నా బ్యాటరీ 11.7 చూపించింది. వయసు నాలుగేళ్లు, అదొక కారణం. రెండోది నేనే. సరదాకు సీటు కింద పెట్టించుకున్న నీలం ఎల్‌ఈడీ పట్టీ తీగను తాళంతో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీకే కలిపారు, నేను చూసుకోలేదు. దాని చిన్న డబ్బా రాత్రంతా కొంచెం కొంచెంగా తాగుతూనే ఉంది. మీ బండికి మొబైల్ ఛార్జర్, జీపీఎస్, అదనపు హారన్ ఏది పెట్టించినా, తాళం తీశాక దానికి కరెంట్ ఆగుతోందో లేదో చూడండి.

ఇక టెర్మినళ్లు. బ్యాటరీ కొనల మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకొని ఉంటే కరెంట్ సరిగా పారదు. తాళం తీసేసి, మొదట మైనస్ నట్టు విప్పండి, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు తిరగేసి: ముందు ప్లస్, ఆఖరున మైనస్. వరుస తప్పితే పానా బండి ఫ్రేమ్‌కు తగిలి నిప్పు రవ్వలు లేస్తాయి. వేడినీళ్లలో చెంచాడు వంటసోడా కలిపి, పాత పళ్ల బ్రష్‌తో రుద్ది, గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. బిగించాక పైన వేలితో కాస్త వ్యాజ్‌లైన్ పూస్తే మళ్లీ త్వరగా పట్టదు. పాత రకం బ్యాటరీ అయితే పక్కనున్న రెండు గీతల మధ్యకు నీళ్లు ఉండాలి, తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. బోరు నీళ్లు వద్దు, యాసిడ్ అసలే వద్దు. సీల్ చేసిన బ్యాటరీని మూత పెకిలించి చూడకండి.

ఛార్జింగ్ పెట్టించేటప్పుడు ఒక మాట. 100, 125 సీసీ బళ్ల బ్యాటరీలు చాలా చిన్నవి, 3 నుంచి 5 ఆంపియర్ అవర్. వాటికి ఛార్జింగ్ అందులో పదో వంతు కరెంట్‌తో, అంటే 4 ఆంపియర్ అవర్ బ్యాటరీకి 0.4 ఆంపియర్‌తో, నిదానంగా ఎక్కాలి. లారీ బ్యాటరీల వరుసలో కలిపి గంటలో నింపిస్తామంటే ఒప్పుకోకండి. నిండుతుంది నిజమే, కానీ లోపల పలకలు వంగిపోతాయి.

పొద్దున స్టార్ట్ చేసే పద్ధతి

ఇది బండిని బట్టి రెండు రకాలు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త బళ్లన్నీ దాదాపు ఫ్యుయల్ ఇంజెక్షన్‌కు, అంటే పెట్రోల్‌ను బండే కొలిచి పిచికారీ చేసే పద్ధతికి, మారాయి. అంతకుముందువి ఎక్కువగా కార్బురేటర్‌వి.

ఇంజెక్షన్ బండి అయితే తాళం తిప్పి ఒక్క రెండు సెకన్లు ఆగండి. ట్యాంకు కింద జుయ్ మని సన్నని చప్పుడు వినిపిస్తుంది. అది పెట్రోల్ పంపు ఒత్తిడి ఎక్కించుకుంటున్న చప్పుడు. అది ఆగాక క్లచ్ పూర్తిగా పట్టి, రేస్ ముట్టుకోకుండా సెల్ఫ్ నొక్కండి. ఎంత పెట్రోల్ ఇవ్వాలో చలిని బట్టి బండే లెక్క వేసుకుంటుంది, మనం మధ్యలో రేస్ తిప్పితే ఆ లెక్క చెడుతుంది. క్లచ్ పట్టుకోవడం ఎందుకంటే చిక్కబడ్డ ఆయిల్‌లో గేర్లను కూడా తిప్పే బరువు సెల్ఫ్ మీద పడకుండా. ఐదు సెకన్లలో అందుకోకపోతే వేలు తీయండి. పది పదిహేను సెకన్లు ఆగి మళ్లీ నొక్కండి. ఏకబిగిన నొక్కి పట్టుకుంటే ఉన్న బ్యాటరీ కూడా అయిపోతుంది.

కార్బురేటర్ బండికి చోక్ పూర్తిగా లాగి, తాళం తిప్పకముందే మూడు నాలుగు సార్లు మెల్లగా కిక్ తొక్కండి. రాత్రంతా కిందికి దిగిన ఆయిల్ కాస్త కదులుతుంది. తర్వాత తాళం తిప్పి, రేస్ ఇవ్వకుండా ఒక్కటి గట్టిగా కొట్టండి. అందుకున్నాక అర నిమిషానికి చోక్ సగం, నిమిషం రెండు నిమిషాల్లో పూర్తిగా లోపలికి. చోక్ మరిచిపోయి ఆఫీసు దాకా పోయేవాళ్లను చూశాను, అందులో నేనూ ఉన్నాను. ప్లగ్ నల్లగా మసిబారుతుంది, మైలేజీ పడిపోతుంది, రెండో రోజు ఇంకా మొండికేస్తుంది. ఎంత కొట్టినా అందుకోకుండా పెట్రోల్ వాసన వస్తోందంటే ఎక్కువ తాగేసిందని అర్థం. చోక్ పూర్తిగా లోపలికి నెట్టి, రేస్ పూర్తిగా తిప్పి పట్టుకొని నాలుగైదు కిక్కులు కొట్టండి, గాలి ఆడి ఆరుతుంది. అప్పటికీ కాకపోతే ప్లగ్ విప్పి తుడిచి పెట్టడమే.

తోసి స్టార్ట్ చేయడం కార్బురేటర్ బండికి బాగా పనిచేస్తుంది: రెండో గేర్, క్లచ్ పట్టి తోపించి, ఊపు వచ్చాక క్లచ్ వదలడం. ఇంజెక్షన్ బండికి బ్యాటరీ కాస్తయినా బతికి ఉంటేనే. పూర్తిగా చచ్చిపోతే పంపే తిరగదు, ఎంతమంది తోసినా చెమట తప్ప ఏమీ రాదు. అప్పుడు ఇంకో బండి బ్యాటరీ నుంచి వైర్లు కలుపుకోవాలి: ప్లస్‌కు ప్లస్, దాని మైనస్ నుంచి వచ్చే తీగను మాత్రం మన బండి ఫ్రేమ్ మీద రంగు లేని ఇనుముకు. కారు బ్యాటరీ నుంచి తీసుకుంటే కారు ఇంజన్ ఆపి ఉంచాలి.

స్టార్ట్ అయ్యాక అర నిమిషం, మహా అయితే ఒక నిమిషం నిలబెట్టండి. పది నిమిషాలు నిలబెట్టి రేస్ ఇస్తూ కూర్చుంటే వాడకట్టు నిద్ర పాడవడం తప్ప ఇంజన్‌కు మేలు లేదు. నడుస్తూ వేడెక్కడమే దానికి మంచిది. మొదటి రెండు మూడు కిలోమీటర్లు సగం రేస్ దాటకుండా పోతే చాలు. ఈ మాట మాత్రం గట్టిగా చెబుతున్నా: చలి అని తలుపులు వేసిన గదిలో, మూసిన పోర్టికోలో బండి స్టార్ట్ చేసి వేడిచేయకండి. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషికి తెలిసేలోపే స్పృహ పోతుంది.

పొద్దున సైలెన్సర్ నుంచి తెల్లని ఆవిరి, కొస నుంచి నీటి చుక్కలు పడితే కంగారు పడొద్దు. పెట్రోల్ మండితే నీటి ఆవిరి పుడుతుంది, చల్లని గొట్టంలో అది చుక్క కడుతుంది. బండి బాగా వేడెక్కాక కూడా నీలం పొగ వస్తుంటేనే మెకానిక్ దగ్గరికి పోవాలి, అది ఆయిల్ మండుతున్న గుర్తు.

ఆయిల్ సంగతి, పాలకేంద్రం తిరుగుళ్లు

చలికాలం వచ్చిందని పలుచని ఆయిల్ పోయించమని కొందరు చెబుతారు. అక్కర్లేదు. ఆయిల్ డబ్బా మీద 10డబ్ల్యు-30, 20డబ్ల్యు-40 అని ఉంటుంది కదా, ఆ డబ్ల్యు అంటే వింటర్. దాని ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత పలుచగా ఉంటుందో చెబుతుంది. 20డబ్ల్యు రకాన్ని కూడా సున్నాకు 15 డిగ్రీల కింద పరీక్షించి ఆ పేరు పెడతారు. మన ఆసిఫాబాద్ చలి దానికి లెక్కలోది కాదు. మీ బండి పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే పోయించండి. గేర్ బండి అయితే డబ్బా మీద, ఆ క్లచ్‌కు సరిపోతుందని చెప్పే జాసో ఎంఏ లేదా ఎంఏ2 గుర్తు ఉండాలి, లేకపోతే క్లచ్ జారుతుంది.

ఆయిల్‌కు అసలు తిప్పలు చిన్న తిరుగుళ్లతో. మా మామయ్య బండి చలికాలమంతా ఇంటి నుంచి పాలకేంద్రానికి, అక్కడి నుంచి ఇంటికి, రోజుకు రెండుసార్లు కిలోమీటరు చొప్పున తిరిగేది. ఓ రోజు ఆయిల్ మూత విప్పి చూస్తే మూత లోపలి వైపు మజ్జిగ మీది నురగలాగా తెల్లగా, జిడ్డుగా పట్టి ఉంది. "అయ్యో, ఇంజన్ల నీళ్లు వోయినయ్ రా" అని ఆయన భయపడ్డాడు. పోయిన మాట నిజమే, కానీ బయటినుంచి కాదు. ఇంజన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తుంటే లోపల చేరిన ఆవిరి బయటికి పోదు, చల్లబడి ఆయిల్‌తో కలిసి అలా చిలికినట్టు అవుతుంది. మూత దగ్గర కొంచెమే ఉండి, లోపల పుల్ల ముంచి తీస్తే ఆయిల్ మామూలు రంగులో ఉంటే భయం లేదు. వారానికోసారి బండిని ములుగు రోడ్డు మీదో, ఎటైనా సరే, ఇరవై కిలోమీటర్లు నడిపితే ఆ తడంతా ఆవిరైపోతుంది. మామయ్య ఇప్పుడు ఆదివారం ఆదివారం ఆత్మకూరు దాకా పోయి చాయ్ తాగి వస్తున్నాడు, బండి కోసమేనట. పుల్ల మీద కూడా ఆయిల్ తెల్లగా వస్తే మాత్రం వెంటనే మార్పించండి. కూలెంట్ ఉన్న బండి అయితే, అది ఆయిల్‌లోకి కారకుండా ఆపే గ్యాస్కెట్ కూడా చూపించండి.

చిన్న తిరుగుళ్లకు ఇంకో నష్టం ఉంది. సెల్ఫ్ ఒకసారి తాగిన కరెంట్‌ను కిలోమీటరు ప్రయాణం తిరిగి నింపలేదు. అలాంటి బండికి కిక్ ఉంటే పొద్దున కిక్కే కొట్టండి.

గాలి

అక్టోబర్ మధ్యాహ్నం 34 డిగ్రీల ఎండలో ముందు టైరుకు 25, వెనక టైరుకు 32 పాయింట్ల గాలి కొట్టించారనుకోండి. డిసెంబర్ తెల్లవారుజామున 12 డిగ్రీల్లో అదే టైరు, ఎక్కడా లీకు లేకున్నా, దాదాపు మూడు పాయింట్లు తక్కువ చూపిస్తుంది. చల్లబడ్డ గాలి ముడుచుకుంటుంది మరి. పైగా నెలకు ఒకటి రెండు పాయింట్లు మామూలుగానే తగ్గుతాయి. అందుకే చలికాలంలో పదిహేను రోజులకోసారి, పొద్దున, దగ్గర్లోని షాపులో, టైరు చల్లగా ఉండగానే చూపించుకోవాలి. ఎంత కొట్టాలో చైన్ కవర్ మీదో వెనక ఫోర్కు మీదో స్టిక్కర్ ఉంటుంది.

చల్లని టైరుకు మొదటి రెండు మూడు కిలోమీటర్లు పట్టు తక్కువ. దానికి తోడు మంచుకు తడిసిన జీబ్రా గీతలు, రైల్వే పట్టాలు, రోడ్డు మీద ఆరబోసిన వడ్లు. వడ్ల కుప్పల మీద బ్రేకు వేయడమంటే గోలీల మీద కాలు పెట్టడమే. పట్టాలు దాటేటప్పుడు బండి నిలువుగా, పట్టాకు అడ్డంగా దాటాలి.

చైను, కేబుళ్లు

వరికోత మిషన్లు పొలాల్లో దిగిన రోజు నుంచి పరకాల, నర్సంపేట రోడ్లన్నీ దుబ్బే. ఎనుమాముల మార్కెట్‌కు పోయే పత్తి బళ్ల వెనక పోతే గాలిలో నూగు ఎగురుతూ కనిపిస్తుంది. రాత్రి మంచుకు తడిసిన చైన్ మీద ఇదంతా అంటుకొని పొద్దున్నకు నల్లని ముద్దగా తయారవుతుంది. అది గరుకు కాగితంలా చైన్‌ను, పళ్ల చక్రాన్ని అరగదీస్తుంది.

శుభ్రం చేయడానికి ఇంజన్ ఆపి, తాళం జేబులో వేసుకొని, డబుల్ స్టాండ్ వేయండి. ఇంజన్ నడుస్తుండగా గేర్ వేసి చైన్ తిప్పుతూ గుడ్డ పట్టేవాళ్లుంటారు. వేళ్లు పోతాయి, మాటవరసకు చెప్పడం కాదు. చక్రాన్ని చేత్తో తిప్పుతూ కిరోసిన్‌లోనో డీజిల్‌లోనో ముంచిన బ్రష్‌తో రుద్ది, పొడిగుడ్డతో తుడవండి. పెట్రోల్ వాడొద్దు, రబ్బరు రింగులున్న చైన్‌ను అది పాడుచేస్తుంది. తర్వాత చైన్ స్ప్రే, లేకపోతే 90 నంబరు గేర్ ఆయిల్, చైన్ లోపలి వైపు పడేలా వేయాలి. ఈ పని పొద్దున కాదు, సాయంత్రం బండి నడిపి వచ్చాక చేయండి. వేడి చైన్‌లోకి ఆయిల్ బాగా దిగుతుంది, రాత్రంతా ఆగుతుంది కాబట్టి చొక్కా మీద చిమ్మదు. తీసేసిన పాత ఇంజన్ ఆయిల్ పోయడం మన దగ్గర అలవాటు. అది ఉచితమే, కానీ అందులో ఇనుప నలుసులుంటాయి, దుబ్బనూ ఇంకా పట్టుకుంటుంది. 500 కిలోమీటర్లకోసారి ఇలా చేస్తే చాలు. చైన్ నిండా డబ్బా కప్పి ఉన్న బండి అయితే కింది రబ్బరు మూత తీసి బిగువు చూసుకోండి, ఎంత ఊగాలో స్టిక్కర్ మీదే ఉంటుంది.

క్లచ్ పొద్దున బిగుసుకొని మధ్యాహ్నానికి మామూలైపోతుంటే తప్పు చలిది కాదు, వానాకాలంలో కేబుల్ లోపలికి దిగిన నీళ్లది. తుప్పు అప్పుడు మొదలై ఇప్పుడు బయటపడుతుంది. పై కొన విప్పి నాలుగు చుక్కల ఆయిల్ వేసి చూడండి. తీగ పోగులు లేచి ఉంటే ఆలోచించకుండా కొత్తది వేయించండి, అది తెగేది తాడ్వాయి అడవి మధ్యలోనే.

ఎయిర్ ఫిల్టర్ కూడా ఈ దుబ్బ బాధితురాలే. స్పాంజి రకమైతే కిరోసిన్‌లో కడిగి, పిండి, ఆరబెట్టి, రెండు చుక్కల ఆయిల్ పట్టించి పెట్టండి. కాగితం రకమైతే కడగడం కుదరదు, దులిపి చూసి, నల్లబడితే మార్చడమే.

బ్రేకులు

ఆరుబయట పెట్టిన బండి డిస్క్ మీద తెల్లారేసరికి పలుచగా ఎర్ర తుప్పు పొర కనిపిస్తుంది. రెండు సార్లు బ్రేకు పట్టగానే గీసుకుపోతుంది, దాని కోసం ఏమీ చేయక్కర్లేదు. దాని మీద ఆయిల్ గుడ్డ మాత్రం వేయకండి. డ్రమ్ బ్రేకులు మంచుకు తడిస్తే మొదటి రెండు మూడు సార్లు ఉన్నట్టుండి పట్టేస్తాయి. అందుకే గేటు దాటగానే, వీధిలోనే, మెల్లగా పోతూ రెండు బ్రేకులూ నొక్కి చూసుకోవాలి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రెండేళ్లు దాటితే మార్పించండి.

పొగమంచులో

మార్గశిరాన మాట్లాడ పొద్దుండదు, పుష్యమాసాన పూస గుచ్చ పొద్దుండదు అంటారు. ఆఫీసు వదిలేసరికే చీకటి, బయలుదేరేసరికి ఇంకా తెల్లారదు. గోదారి ఒడ్డున మంచిర్యాల, కాళేశ్వరం వైపు, నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్‌లో, పస్రా నుంచి మేడారం పోయే అడవి దారిలో కొన్ని పొద్దుల్లో పది గజాల అవతల ఏముందో తెలియదు.

పొగమంచులో హెడ్‌లైట్ డిమ్‌లోనే ఉండాలి. హై బీమ్ వేస్తే వెలుగంతా మంచు తెరకు తగిలి మన కళ్లలోకే తిరిగొస్తుంది. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన బళ్లకు లైటు ఆపే స్విచ్ ఉండదు, పాత బండివాళ్లు పగలైనా వేసుకోవాలి. బయలుదేరే ముందు హెడ్‌లైట్, వెనక లైటు, అద్దాలు పొడిగుడ్డతో తుడవండి. సీటు కింద ఒక పాత బనియన్ ముక్క పెట్టుకుంటే ఈ నాలుగు నెలలు అదే మీ పనిముట్టు. వెనక మడ్‌గార్డ్‌కు ఎర్ర రేడియం స్టిక్కర్ అంటించుకోండి, పది ఇరవై రూపాయల పని. మనకు ఎదురయ్యే గండం మాత్రం లైటే లేని పత్తి ట్రాక్టర్. ట్రాలీకి రెండు వైపులా బయటికి ఉబ్బిన బోరాలు, వెనక ఒక్క మెరుపు కూడా ఉండదు. మన లైటు వెలుగులో ఆగగలిగినంత వేగమే పోవాలి.

హెల్మెట్ అద్దానికి ఆవిరి పడితే, లోపలి వైపు గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క పలుచగా పూసి, పొడిగా తుడిచేయండి. రెండు మూడు రోజులు ఆవిరి పట్టదు. మంకీ క్యాప్ మీద హెల్మెట్ పెట్టుకుంటే అది వదులవుతుంది, పట్టీ సరిచూసుకోండి. వెనక కూర్చున్న పెద్దమ్మల శాలువా కొంగు ఎటుందో కూడా. చైన్‌లో శాలువా పడ్డ చోట ఎవరూ మామూలుగా లేచి రారు.

ఎక్కడ పెట్టాలి

మంచు ఆకాశం కిందే కురుస్తుంది. పైన ఒక రేకు ఉన్నా బండి పొడిగా ఉంటుంది. అది కుదరకపోతే గాలి ఆడే గుడ్డ కవర్ కప్పండి. ప్లాస్టిక్ టార్పాలిన్ కప్పితే లోపలి తేమ బయటికి పోక రాత్రంతా బండి ఉడుకుతుంది. వేడి సైలెన్సర్ మీద ఏ కవరూ వద్దు, అరగంట ఆగండి. చలిమంట వేసే చోటికి బండి దూరంగా ఉండాలి, పొద్దున గాలికి ఒక్క నిప్పు రవ్వ చాలు. వాటర్ వాష్ చేయిస్తే మధ్యాహ్నం ఎండలోనే. సాయంత్రం కడిగించి అలాగే పెట్టేస్తే నీళ్లు స్విచ్చుల్లోనే ఉండిపోతాయి.

మేడారం జాతరకు, కేస్లాపూర్ నాగోబాకు బండి మీద పోయేవాళ్లు రెండు మూడు రాత్రులు పొలాల్లోనే పెట్టాల్సి వస్తుంది. అప్పుడు సీటు మీద, మీటర్ మీద, తాళం రంధ్రం మీద గుడ్డ కప్పినా సగం పని అయినట్టే.

ఇంకో శత్రువు ఎలుక. కోతలయ్యాక పొలాల్లోని ఎలుకలు ఇళ్లవైపు వస్తాయి, వెచ్చని ఇంజన్ వాటికి మంచి ఇల్లు. రెండేళ్ల కింద ఓ జనవరిలో నా బండికి ఉన్నట్టుండి ఊపిరాడనట్టయింది, రేస్ ఇస్తే గుడగుడమంటుందే తప్ప లాగదు. ప్లగ్ మార్చాను, పెట్రోల్ మార్చాను. చివరికి మెకానిక్ అన్న ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత తీస్తే లోపల దూది, తెల్లగా, గుండ్రంగా, మెత్తగా. పక్కింటి గోదాం నుంచి పత్తి తెచ్చి చక్కగా గూడు కట్టుకుంది. మధ్యలో చిన్న గుంట కూడా, పడుకోవడానికి. ఆయన దాన్ని రెండు వేళ్లతో ఎత్తి చూపిస్తూ "మీకన్న దీనికే వెచ్చగున్నది సార్" అన్నాడు. అప్పటినుంచి నెలకోసారి సీటు ఎత్తి తీగలు, పెట్రోల్ పైపు కొరికి ఉన్నాయేమో చూస్తున్నా. గుడ్డలో కట్టిన కర్పూరం ఉండలు పెట్టేవాళ్లున్నారు. కొన్నాళ్లు పనిచేస్తాయి, తర్వాత ఎలుకలే అలవాటు పడతాయి.

సంక్రాంతికి ఊరికి పోతే

పది రోజులకైతే పెద్ద హంగామా వద్దు. ట్యాంకు నింపి, డబుల్ స్టాండ్ వేసి పోండి. ట్యాంకు నింపడం ఎందుకంటే ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది తేమను పీలుస్తుంది. సగం ఖాళీ ట్యాంకులో పగలు ఎండకు, రాత్రి చలికి లోపలి గాలి చుక్క కడుతుంది. నిండా ఉంటే గాలికి చోటే ఉండదు.

నెల దాటితే ఇంకాస్త పని ఉంది. బ్యాటరీ మైనస్ తీగ విప్పేయండి, కుదిరితే బ్యాటరీనే ఇంట్లో పెట్టి నెలకోసారి ఛార్జింగ్ ఎక్కించండి. కార్బురేటర్ బండి అయితే పెట్రోల్ కాక్ మూసి, ఇంజన్ దానంతట అదే ఆగిపోయేదాకా నడిపి కార్బురేటర్ ఖాళీ చేయండి. టైర్లకు రెండు మూడు పాయింట్లు ఎక్కువ కొట్టించండి. చైన్‌కు ఆయిల్ పట్టించండి. సైలెన్సర్ కొసలో గుడ్డ కుక్కితే ఎలుక, తేమ రెండూ లోపలికి పోవు.

ఇంట్లో ఉన్నవాళ్లకు "రోజూ రెండు నిమిషాలు స్టార్ట్ చేసి పెట్టు తమ్మీ" అని చెప్పి పోతుంటాం. అలా చేయించకండి. సెల్ఫ్ తాగిన కరెంట్ రెండు నిమిషాల్లో తిరిగి రాదు, సైలెన్సర్ లోపల చేరిన నీళ్లు ఆరవు, ఆయిల్ మూత మీద అదే మజ్జిగ నురగ. నడిపితే పదిహేను ఇరవై కిలోమీటర్లు నడపాలి, లేకపోతే ముట్టుకోకుండా వదిలేయాలి.

తిరిగొచ్చాక మొదట సీటు ఎత్తి తీగలు చూసి, మైనస్ బిగించి, గాలి, ఆయిల్, బ్రేకులు సరిచూసి, అప్పుడు తాళం తిప్పండి. సైలెన్సర్‌లోని గుడ్డ సంగతి మరిచిపోకుండా ఆ రోజే ఓ చీటీ రాసి హ్యాండిల్‌కు కట్టి ఉంచండి. నేను కట్టలేదు. పండగ నుంచి వచ్చి అరగంట సెల్ఫ్ నొక్కి, ప్లగ్ విప్పి, ఆఖరికి మెకానిక్ అన్నకు ఫోన్ చేశాను. ఆయన వచ్చి వెనక్కి వంగి, కొస పట్టి లాగాడు. బయటికొచ్చింది నా పాత బనియన్.